పెళ్ళికూతుళ్ళ కాసు

మా చర్చి పక్కగదిలోకి మొన్న ఫ్రీజరు పెట్టె వచ్చింది. శవాన్ని పడుకోబెట్టే పెట్టె. పైన అద్దం మూత, కింద చక్రాలు, పక్కన వైరు. ఇన్నాళ్ళూ పల్లెలో ఎవరైనా పోతే టౌను నుంచి అద్దెకు తెప్పించేవాళ్ళం. ఎండాకాలంలో అది ఇంకెవరింట్లోనో ఉండేది, మావాళ్ళు ఐసుగడ్డల మధ్య ఉండేవాళ్ళు. ఇప్పుడా బాధ లేదు. పాస్టరు గారు ప్రార్థన చేసి, ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశారు. పెట్టె గుంయ్‌మంది. నా ఈడు వాళ్ళం పల్లెలో ఇద్దరమో ముగ్గురమో మిగిలాం. అందరూ పెట్టెను చూశారు, తర్వాత మమ్మల్ని చూశారు. నేనే అన్నాను: "కొలత చూసుకున్నారంటర్రా? నా కాళ్ళు పొడుగు." ఆడాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పెట్టెను మా కాసు అమ్మి కొన్నాం. అమ్మడానికి గుంటూరు వెళ్ళింది నేనే.

కాసంటే ఇంగ్లీషువాళ్ళ బంగారు నాణెం. పెద్ద ఇళ్ళలో సవరను అనేవాళ్ళు. మేం కాసనే అన్నాం. బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దది. ఒకవైపు గడ్డం ఉన్న మనిషి తల, మెడ వరకే. రెండోవైపు గుర్రం మీద ఒక మగాడు, ఒంటిమీద బట్ట సరిగా లేదు, నెత్తిన టోపీ, చేతిలో కత్తి. గుర్రం కాళ్ళ కింద రెక్కల పాము వెల్లకిలా పడి ఉంటుంది. మా పల్లెలో దాన్ని చూసిన ప్రతి ఆడదానికీ అది ఏమిటో తెలుసు. పాస్టరు గారు ప్రసంగంలో చెప్పే ఘటసర్పం అదే. గుర్రం మీద ఉన్నవాడు దేవదూత. ఇక గడ్డం మనిషి దగ్గరే తగాదా. పేతురు అని కొందరు, కాదు పౌలు అని కొందరు. మా నాయనమ్మ దీనమ్మ పేతురు పక్షం. "చేపలు పట్టినోడి మెడ చూడవే, ఎంత బలంగా ఉందో" అనేది. రాజు మొహమని మాకెవరికీ తోచలేదు. రాజుల మొహాలు మా ఇళ్ళకు ఎందుకొస్తాయి?

మా పల్లె ఊరికి అవతల, వాగు దాటాక ఉంటుంది. ఊరు ఆసాములది, పల్లె వాళ్ళ పొలాల్లో పత్తి తీసేవాళ్ళది, మిరప కోసేవాళ్ళది. చర్చి కట్టించిన దొరలు ఒకప్పుడు తోటలో బంగళా వేసుకుని ఉండేవాళ్ళట. మా నాయనమ్మకు అత్తగారు, ఎలీసమ్మ, ఆ బంగళాలో పనికి పోయేది. దొరసానికి బిడ్డ పుట్టి పాలు పడలేదు. ఎలీసమ్మ అప్పటికి పచ్చి బాలింత. తన బిడ్డ ఒక పక్క, దొరసాని బిడ్డ ఒక పక్క. అలా ఇద్దరినీ పెంచింది. ఆ తెల్లబిడ్డ నడక నేర్చి, ఎలీసమ్మను "అమ్మా" అని పిలవడం మొదలుపెట్టగానే దొరలు ఓడ ఎక్కి వెళ్ళిపోయారు. వెళ్ళేరోజున దొరసాని ఏడుస్తూ ఎలీసమ్మ అరచేతిలో ఈ కాసు పెట్టి వేళ్ళు మూసిందట. నాయనమ్మ ఈ ముక్క చెప్పినప్పుడల్లా నా చెయ్యి పట్టుకుని వేళ్ళు అలాగే మూసేది. ఖాళీ గుప్పిట్లోనే ఏదో బరువున్నట్టు ఉండేది నాకు.

సరే, కాసు వచ్చింది. దాన్ని ఏం చెయ్యాలి? పల్లె ఆడది బంగారం పట్టుకుని షరాబు కొట్టు మెట్టెక్కితే, ఎవరింట్లో ఎత్తుకొచ్చావు అన్నదే మొదటి మాట. అమ్మాలన్నా అదే మాట, కుదువ పెట్టాలన్నా అదే, మెడలో వేసుకునేందుకు కొక్కెం పెట్టించాలన్నా అదే. మెడలో వేసుకుని ఊళ్ళోకి పోతే ఇంకా పెద్ద మాట. చెప్పడానికి దొరలు లేరు. అమ్ముకోలేని బంగారం, చూపించుకోలేని బంగారం. ఎలీసమ్మ కొన్నేళ్ళు దాన్ని ఉట్టిమీద చల్లకుండ కింద దాచిందట. కూతురు పెళ్ళి కుదిరినప్పుడు, పొలంలో రాలిన పత్తి ఏరి వడికి, ఆ దారంతో కాసు చుట్టూ చిన్న వల అల్లి, పిల్ల మెడలో కట్టి చర్చిలో నిలబెట్టింది. చర్చిలో ఎవరడుగుతారు, అందరూ మనోళ్ళే కదా. పక్కింటి వాళ్ళు తమ పిల్ల పెళ్ళికి అడిగారు. ఇచ్చింది. ఆ పక్కింటి వాళ్ళూ అడిగారు. అక్కడితో అది ఎలీసమ్మది కాకుండా పోయింది. పల్లెలో ఏ పిల్ల పెళ్ళయినా ఆ కాసు కట్టుకునే నిలబడాలి, మర్నాడు పొద్దున తెచ్చి ఇచ్చెయ్యాలి. దాచేది మాత్రం మా ఇంట్లో.

దాచేది ఎక్కడనుకున్నారు? నాయనమ్మ పొడుం డబ్బాలో. ఆమెకు పొడుం అలవాటు. పాత డబ్బా ఒకదాని అడుగున దూది పరిచి, కాసు పెట్టి, పైన మళ్ళీ దూది పెట్టేది. దొంగ వచ్చినా ముసలిదాని పొడుం డబ్బా ఎవడూ ముట్టడని ఆమె ధీమా. పెళ్ళికి ముందురోజు కుంకుడు రసంలో కడిగేది. కడిగినా ఆ దారం అల్లికలో పొడుం వాసన పోయేది కాదు. అందువల్ల మా పల్లెలో పెళ్ళికూతుళ్ళంతా తుమ్మేవాళ్ళు. పాస్టరు గారు ఈ పురుషుని భర్తగా అంగీకరిస్తున్నావా అని అడగడం, పిల్ల తల వంచి కాసు వాసన పీల్చి హాచ్చి మనడం, జనం గొల్లుమనడం. తుమ్మని పిల్లను చూసి నాయనమ్మే బెంగపడేది. "ఏమే, జలుబు చేసిందా, ముక్కు పని చెయ్యట్లేదా?" అని అడిగేది. ఊరివాళ్ళకు తుమ్మితే పెళ్ళి ఆగిపోద్ది. మాకు తుమ్మందే పెళ్ళయినట్టుండేది కాదు.

పెళ్ళిళ్ళు మిరప కోతలు అయిపోయాకే పెట్టుకునేవాళ్ళు. కోతల్లో ఎవరి చేతులూ చేతుల్లా ఉండవు. కల్లంలో కాయలు ఆరబోసి తొడిమలు తుంచే రోజుల్లో గాలి పీలిస్తేనే గొంతు మండేది. కళ్ళు నలుపుకోకూడదు, ముక్కు తుడుచుకోకూడదు. ఇంటికొచ్చి ఆముదం రాసి, మజ్జిగలో చేతులు ముంచినా ఆ మంట తెల్లారేదాకా వేళ్ళలోనే కూర్చునేది. ఆ నెలల్లో మా అమ్మ రూతమ్మ మమ్మల్ని చేత్తో ముట్టేది కాదు. ముద్దొస్తే మోచేత్తో బుగ్గ మీద రాసేది. ఏడిస్తే మోచేత్తో కళ్ళు తుడిచేది. మోచెయ్యి గరుకుగా, ఎండ వాసన వేస్తూ ఉండేది. నాకు ఇప్పటికీ అమ్మ అంటే మొహం సరిగా గుర్తు రాదు, మోచెయ్యి గుర్తొస్తుంది.

నాకు పదేళ్ళో, అటూ ఇటో. మిరప కల్లాలు నిండుగా ఉన్నాయి. అమ్మకు నెలలు నిండాయి. నొప్పులు మొదలై ఒక పగలు గడిచింది, ఒక రాత్రి గడిచింది, బిడ్డ రాలేదు. పొద్దున మంత్రసాని బయటికొచ్చి చేతులు కడుక్కుంటూ మా నాయనతో అంది: "ఏసోబూ, బిడ్డ అడ్డం తిరిగింది. నా వల్ల కాదు. గుంటూరు తీసుకుపో, కోసి తీయాలి." గుంటూరు పోవాలంటే వాగు అవతల సంతబజారు నుంచి కారు రావాలి. కారువాడు డబ్బు చేతిలో పెడితే గానీ కదలడు. అడిగితే కాదనని మా ఆసామి మిరప బస్తాలు బండ్లకెత్తి గుంటూరు యార్డుకు పోయి ఉన్నాడు. నాయన గుమ్మంలో నిలబడ్డాడు. నాయనమ్మ లోపలికి పోయి పొడుం డబ్బా తెచ్చింది.

చుట్టూ పల్లె ఆడాళ్ళు ఉన్నారు. నాయనమ్మ డబ్బా మూత తీసి వాళ్ళకు చూపించింది. "ఇది నాది కాదు. మీ అందరిదీ. ఏమంటారే?" అంది. "ఇంకా అడుగుతావేంటి పిన్నీ, మనిషి కంటే ఎక్కువా?" అన్నారు. ఒకామె పళ్ళతో దారం కొరికి అల్లిక విప్పింది. నాయన కాసు గుప్పిట్లో పట్టుకుని సంతబజారు దారి పట్టాడు. పరుగెత్తలేదు. పల్లెవాడు బజార్లో పరుగెత్తితే అదొక అనుమానం. వేగంగా నడిచాడు, అంతే.

నన్ను ఇంట్లో ఉండనివ్వలేదు. "పిల్లలు చూడకూడదు, పొండే" అని తోలేశారు. ఎక్కడికి పోవాలో తెలియక రోజూ పోయే చోటికే పోయాను, ఆసామి కల్లానికి. వాళ్ళ ఇంటి ముందే కల్లం. కూర్చుని తొడిమలు తుంచుతున్నాను. ఎండ ఎక్కేసరికి బజారు నుంచి ఒకతను సైకిలు మీద వచ్చి ఆసామి ఇంటి ముందు దిగాడు. ఆసామి భార్య వసారాలోకి వచ్చింది.

"అమ్మగారూ, మీ పాలేరు ఏసోబు బంగారు కాసు పట్టుకొచ్చాడండి. షరాబు గారు కూర్చోబెట్టారు. మీ ఇంట్లోదేమో కనుక్కు రమ్మన్నారు."

"ఏసోబా? వాడలాంటివాడు కాదే!" అందామె. తర్వాత ఒక్క క్షణం ఆగింది. "కొక్కెం ఉందా దానికి?"

"నేను చూళ్ళేదండి. షరాబు గారు గుప్పిట్లో పెట్టుకున్నారు."

నేను లేచి వసారా మెట్టు కిందకు పోయి నిలబడ్డాను. "కొక్కెం లేదమ్మగారూ. మాది దారం అల్లికండి. చర్చిలో పెళ్ళికూతుళ్ళకు కట్టేదండి. మా అమ్మకు బిడ్డ అడ్డం తిరిగిందండి" అన్నాను. అన్నీ ఒక్క ఊపిరిలో అన్నాను.

"నువ్వూరుకోవే మరియా, పెద్దవాళ్ళం మాట్లాడుతున్నాం" అంది ఆమె. కోపంగా కాదు. కంగారుగా. ఆమెకు నిజంగానే భయం పట్టుకుంది. ఆమె కాసులపేరు బీరువాలో ఉంది. బీరువా తాళం అత్తగారి బొడ్లో ఉంది. అత్తగారు పక్క ఊరు బారసాలకు పోయింది. కాసులపేరు చూసుకోకుండా మాదే అనలేదు, కాదని కూడా అనలేదు. మాట తేడా వస్తే రేపు అత్తగారు ఏమంటుందో. ఇంకో పాలేరును తాళం కోసం పంపింది. నన్ను చూసి, "మీ అమ్మకెలా ఉందే?" అని అడిగింది. "తెలవదండి" అన్నాను. ఇంత బెల్లం ముక్క తెచ్చి పైనుంచి నా చేతిలో పడేసింది. నా చేతులకు మిరప ఘాటు. ఆ బెల్లం తింటే నోరు మండింది. అయినా తిన్నాను. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు, నేను నిలబడ్డాను. సైకిలతను అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకున్నాడు. నీడ వసారా మీద నుంచి మెట్టు మీదకు వచ్చింది, మెట్టు మీద నుంచి నా కాళ్ళ మీదకు వచ్చింది.

తాళం వచ్చింది. ఆమె కాసులపేరు తెచ్చి చాప మీద పరిచింది. ఒక్కొక్క కాసూ వేలితో జరుపుతూ చూసుకుంటోంది. నేను కింద నుంచి మెడ సాచి చూశాను. గడ్డం మనిషి. పక్కన మళ్ళీ గడ్డం మనిషి. కొన్ని తిరగబడి ఉన్నాయి. గుర్రం, కత్తి, ఘటసర్పం. మళ్ళీ గుర్రం, మళ్ళీ ఘటసర్పం. మా పల్లెకు దేవుడు పంపిన దూత ఒక్కడేననుకున్నాను. వాళ్ళింట్లో వరసగా వేలాడుతున్నారు. అమ్మ సంగతి కూడా ఒక్క నిమిషం మర్చిపోయి అలాగే చూస్తుండిపోయాను.

"అన్నీ ఉన్నాయి. అమ్మయ్య. వదిలెయ్యమను పాపం" అంది ఆసామి భార్య. సైకిలు వెళ్ళింది.

నాయన వాగు దాటి వచ్చేసరికి పల్లెలో ఏడుపులు మొదలై చాలాసేపయింది. అమ్మా పోయింది, లోపలి బిడ్డా పోయింది. కారు మాట్లాడలేదు, షరాబు కాసు కొనలేదు. ఆసామి ఇంటిది కాదని తేలినా తిరిగి ఇచ్చేశాడట, ఎందుకొచ్చిన గొడవని. నాయన గుమ్మంలో కూలబడ్డాడు. గుప్పిలి విప్పడు. నాయనమ్మే ఒక్కొక్క వేలూ పట్టి ఊడదీసింది. అరచేతిలో గుర్రం ముద్ర పడి ఉంది.

బజార్లో ఏం జరిగిందో నాయన ఒక్కసారే చెప్పాడు, చాలా రోజుల తర్వాత, నాయనమ్మ అన్నం పెడుతుంటే. ఎవరింట్లోదిరా అన్నారట. మా జేజమ్మకు దొరసాని ఇచ్చిందండి అన్నాడట. ఎందుకిచ్చిందిరా అన్నారట. బిడ్డకు పాలిచ్చినందుకండి అన్నాడట. కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారట. "పాలిస్తే బంగారమిస్తారంట్రోయ్! మా ఇంట్లో గేదెకు ఎన్ని కాసులియ్యాలో!" అన్నాడట ఒకాయన. నాయన ఇది చెప్పి అన్నం కలుపుకున్నాడు. తినలేదు. ఆసామి యార్డు నుంచి వచ్చాక మా ఇంటిదాకా వచ్చి, తలపాగా తీసి నిలబడ్డాడు, అమ్మ సమాధికి సిమెంటు ఇప్పించాడు. చెడ్డవాడు కాదు. ఆయన భార్యా చెడ్డది కాదు. షరాబు కూడా తన భయం తను చూసుకున్నాడు. ఎవరిని తిట్టాలో తేలక మా నాయన చివరిదాకా ఎవరినీ తిట్టలేదు. అదే ఆయన్ను తినేసింది.

నాయనమ్మ కాసును కుంకుడు రసంలో కడిగి, కొత్త దారం అల్లి, మళ్ళీ డబ్బాలో పెట్టింది. కోతలయ్యాక పెళ్ళిళ్ళు వచ్చాయి. ఒకావిడ, "మళ్ళీ ఆ కాసేనా దీనమ్మా?" అని నసిగింది. "దానిదేం తప్పే? దానికి నోరుందా?" అంది నాయనమ్మ. నా పెళ్ళికీ అదే కట్టింది. గుండెల మీద చల్లగా తగిలింది. తుమ్మాను. జనం నవ్వారు. నాయన ముందు బెంచీలో కూర్చుని నా మెడకేసి చూడకుండా కిటికీ బయటికి చూశాడు.

నాయనమ్మ తర్వాత డబ్బా నా దగ్గరికి వచ్చింది. నాకు అక్షరాలు వచ్చింది మనవలు పుట్టాక, వయోజనుల బడిలో. ముందు తెలుగు, ఆ తర్వాత మనవరాలు ప్రసన్న పలక మీద పెట్టించిన ఇంగ్లీషు అక్షరాలు. అద్దాలు పెట్టుకుని కాసును చూస్తే, పాము కింద నేల గీత మీద చీమ తలంత ఇంగ్లీషు ఎం అక్షరం కనిపించింది. మరియమ్మలో మొదటి అక్షరం కదా అని సంబరపడ్డాను. ప్రసన్న ఫోనులో వెతికి చెప్పింది: "అది ఊరి గుర్తు అమ్మమ్మా. మెల్‌బోర్న్. ఆస్ట్రేలియాలో బంగారం తవ్వి అక్కడే కొట్టారు. లండన్లో కొట్టినవాటికి ఏ అక్షరమూ ఉండదు. కొన్నాళ్ళు మన బొంబాయిలో కూడా కొట్టారంట. ఏ దేశంలో కొట్టినా తూకం ఒకటే, రాజు ఒకడే. ఈ గడ్డం ఆయన జార్జి రాజు." పేతురు కాదన్నమాట. నాయనమ్మ ఈ మాట వినకుండానే పోవడం మంచిదైంది. గుర్రం మీద ఉన్నవాడు దూత కూడా కాదట, వాళ్ళ దేశపు పరిశుద్ధుడట. ఎక్కడో ఎవరో మట్టి తవ్వారు, వాళ్ళూ కూలివాళ్ళే అయ్యుంటారు. ఎక్కడో రాజు మొహం కొట్టారు. సముద్రం దాటి వచ్చి మా ఎలీసమ్మ చేతిలో పడింది. ప్రపంచం అంతా చెల్లిన నాణెం, వాగు దాటి సంతబజారులో చెల్లలేదు.

ఇప్పుడు పల్లెలో అందరికీ అంతో ఇంతో బంగారం ఉంది. లేనివాళ్ళు గిల్టు నగలు అద్దెకు తెచ్చుకుంటారు. ఆఖరిసారి కాసు కట్టించుకున్న పిల్ల ఫోటోలకు ముందే తీసి ఇచ్చేసింది. "ఏమనుకోకండి మామ్మగారూ, ఫోటోలో మచ్చలాగా పడుతోంది" అంది. ఏమనుకుంటాను. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆడాళ్ళు కూర్చుని, అమ్మేసి పల్లెకు పనికొచ్చేది కొందామన్నారు. ఫ్రీజరు పెట్టె అన్నారు. కాదనడానికి నేనెవరిని? పల్లె కాసు, పల్లె మాట.

ప్రసన్న నన్ను గుంటూరు తీసుకెళ్ళింది. అద్దాల కొట్టు, లోపల చలి. మెట్టు దగ్గర నా కాళ్ళు ఆగాయి. వాచ్‌మన్ తలుపు తీసి, "రండమ్మా" అన్నాడు. కుర్చీ వేశారు. ఒక అమ్మాయి గాజు గ్లాసులో బాదంపాలు తెచ్చి పెట్టింది. నేను డబ్బా తీసి దూది విప్పాను. కౌంటరు కుర్రాడు కాసు తీసుకుని దగ్గరగా పెట్టి చూశాడు. హాచ్చి మన్నాడు. ప్రసన్న నవ్వింది. 

కత్తెరతో దారం కత్తిరించాడు. మిషన్లో పెట్టాడు. "బంగారం మంచిదేనండి. బాగా అరిగింది, తూకం కొంచెం తగ్గుద్ది" అన్నాడు. అరిగిందెక్కడో నాకు తెలుసు. "కరిగిస్తావా బాబూ?" అన్నాను. "అన్నీ కరిగిస్తామండి" అన్నాడు. అద్దం వెనక చిన్న కొలిమి. నా ఎదురుగానే పెట్టారు. గడ్డం మొహం ముందు పోయింది, తర్వాత కాసు ముద్దయింది, ఎర్రటి చుక్కలాగా ఊగింది. కుర్రాడు ఆధార్ కార్డు అడిగాడు. ప్రసన్న ఇచ్చింది. కాగితం నా ముందుకు జరిపితే సంతకం పెట్టాను, వేలిముద్ర కాదు. అయిపోయింది. బాదంపాలు ఇంకా సగం గ్లాసు ఉన్నాయి.

నేను లేవలేదు. "బాబూ, ఇది మాకెక్కడిదో అడగవా?" అన్నాను.

"అక్కర్లేదండీ మామ్మగారూ. ఆధార్ ఇచ్చారుగా."

"ఒక్కసారి అడుగు నాయనా."

అతను ప్రసన్న వంక చూశాడు. ప్రసన్న నా భుజం పట్టుకుని, "పద అమ్మమ్మా, వెనక వాళ్ళు నిలబడ్డారు" అంది. నిజమే, వెనక ఎవరో ఆడమనిషి గాజుల మూట పట్టుకుని నిలబడి ఉంది. లేచి వచ్చేశాను.

ఆ కుర్రాడు అడగలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. మేం ఎక్కడా ఎత్తుకురాలేదు. మా ఎలీసమ్మ పాలిచ్చింది. అందుకిచ్చారు.